తీగ లేని చేబదులు

చేబదులు అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే పక్కింటి అమ్మాయి గిన్నె పట్టుకొని వస్తుంది, చక్కెర పోయించుకొని వెళ్తుంది. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, సాక్షి ఉండడు. చేతిలోంచి చేతిలోకి, అంతే. ఈ మధ్య సెల్‌ఫోన్లు కూడా ఈ పద్ధతి నేర్చుకున్నాయి. ఒక ఫోనును బోర్లా పెట్టి దాని వీపుమీద రెండో ఫోను వీపును ఆనిస్తే చాలు, మొదటి ఫోను బ్యాటరీలోని శక్తి రెండోదానిలోకి ఎక్కుతుంది. మధ్యన తీగ లేదు, ప్లగ్గు లేదు.

హనుమజ్జయంతి నాడు మల్యాల మండలంలోని కొండగట్టు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఎటు చూసినా కాషాయమే, ఎటు విన్నా జైశ్రీరామే. ఆ జనంలో మీ నాయనమ్మ తప్పిపోయిందనుకోండి. ఆమె చేతిలో ఫోను ఉంది, కాని అందులో ఛార్జింగు అయిపోయింది. పక్కన ఉన్న ఎవరో పుణ్యాత్ముడు తన ఫోనును ఆమె ఫోనుకు ఆనించి పావుగంట ఉంచితే ఆమె మీకు ఫోను చేసి, ఏ మండపం దగ్గర కూర్చున్నదో చెప్పగలుగుతుంది. ఇలాంటి వేళ ఆ కాస్త చేబదులు ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫోను వీపు గాజుతోనో ప్లాస్టిక్కుతోనో చేస్తారు. గాజు విద్యుద్బంధకం అని మీ పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు. కరెంటు స్తంభాల మీద తీగలకు, ఇనుప చట్రానికి మధ్య పింగాణీ గుబ్బలూ గాజు గుబ్బలూ బిగించేది కరెంటును దాటనివ్వకుండా ఉండటానికే గదా! అలాంటప్పుడు రెండు గాజు పలకలను దాటి కరెంటు ఎలా వెళ్ళింది?

జవాబు చిన్నది. కరెంటు వెళ్ళలేదు. ఒక్క ఎలక్ట్రాను కూడా ఆ ఫోనులోంచి ఈ ఫోనులోకి రాలేదు.

ఇది నమ్మబుద్ధి కాకపోతే మీ పొలం దారిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరును ఒకసారి తలచుకోండి. (తలచుకోండి అంటున్నాను, దగ్గరికి వెళ్ళమనడం లేదు.) దాని నెత్తిమీదికి 11,000 వోల్టుల తీగలు వస్తాయి. దాని నుంచి 433 వోల్టుల తీగలు బయలుదేరి బావుల దగ్గరి మోటార్లకు వెళ్తాయి. వచ్చే తీగా పోయే తీగా లోపల ఎక్కడో కలుస్తాయని చాలామంది అనుకుంటారు. కలవవు. లోపల ఒక ఇనుప దిమ్మ, దానికి రెండు వేర్వేరు రాగి తీగచుట్టలు. రెంటి మధ్యా కాగితమూ నూనే అడ్డం. కలిస్తే కొంప మునిగినట్టే! 11,000 వోల్టులు తిన్నగా మోటారులోకి దిగుతాయి.

అంటే మీ ఊరి మోటార్లన్నీ, మీ ఇంటి బల్బులన్నీ ఎప్పటినుంచో తీగ తెగిన చోటు దాటి వచ్చిన శక్తితోనే నడుస్తున్నాయి. ఈ మాటకు మన ప్రాంతంలో ఒక పెద్ద చరిత్ర కూడా ఉంది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థను 1969లో స్థాపించినప్పుడు, పల్లెలకు కరెంటు ఇచ్చే పని సహకార సంఘాలు చేయగలవా అని చూడటానికి దేశం మొత్తం మీద అయిదు చోట్లను ఎంచుకున్నారు. అందులో ఒకటి సిరిసిల్ల. 1970లో అక్కడ పని మొదలుపెట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘాన్నే అందరూ ‘సెస్’ అంటారు. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు వెనక ఉన్నది ఈ తీగచుట్టల జంటలే. ఫోనులో జరిగేది కొత్త మాయ కాదు. అదే ట్రాన్స్‌ఫార్మరును రెండుగా కోసి, ఒక ముక్కను ఒక ఫోనులో, రెండో ముక్కను మరో ఫోనులో పెట్టారు.

ఫారడే ఉంగరం

ఇందులోని కిటుకును కనిపెట్టినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. బడి చదువు అంతంత మాత్రం. పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి చేరి, కుట్టవలసిన పుస్తకాలను చదువుతూ శాస్త్రజ్ఞుడు అయ్యాడు. తీగలో కరెంటు పోతుంటే పక్కన ఉన్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్కుకు చెందిన ఈర్‌స్టెడ్ చూశాడు. కరెంటు నుంచి అయస్కాంతత్వం వస్తుందన్నమాట. అలాగయితే అయస్కాంతత్వం నుంచి కరెంటు రాదా? ఫారడే ఈ ప్రశ్నను చాలా ఏళ్ళు మోశాడు.

1831 ఆగస్టు 29న, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, ఆయన ఒక మెత్తని ఇనుప వలయం తీసుకొన్నాడు. దాని ఒక పక్క ఒక తీగచుట్ట, రెండో పక్క మరో తీగచుట్ట చుట్టాడు. మొదటిదాన్ని బ్యాటరీకి కలిపాడు. రెండోదాని కొసలను దిక్సూచి ముల్లు దాకా తీసుకెళ్ళాడు. బ్యాటరీ కలపగానే ముల్లు ఒక్కసారి కొట్టుకొంది. తరువాత మామూలుగా నిలబడిపోయింది! బ్యాటరీ కలిపే ఉంది, కరెంటు పోతూనే ఉంది, ముల్లు మాత్రం కదలదు. బ్యాటరీ తీసేయగానే మళ్ళీ ఒక్కసారి కొట్టుకొంది, ఈసారి ఎదురు దిక్కుకు.

ముల్లు ఊరుకోవడమే ఇక్కడ అసలు విషయం. అయస్కాంత క్షేత్రం ఉన్నంత మాత్రాన రెండో చుట్టలో కరెంటు పుట్టదు. ఆ క్షేత్రం మారాలి. పెరగాలి, లేదా తరగాలి. మారుతున్నంతసేపే కరెంటు. ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ వోల్టేజి. దీన్నే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు.

మీ ఇంటికి వచ్చే కరెంటు ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మరులోని క్షేత్రం క్షణం ఊరుకోదు, రెండో చుట్టలో కరెంటు ఆగదు. అదే టార్చిలైటు బ్యాటరీని తగిలించి వదిలేస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరూ పని చేయదు.

ఈ ప్రయోగాన్ని మీరే చేయవచ్చు. మోటార్లు కాలినప్పుడు వైండింగు చేసే దుకాణం మల్యాలలోనో జగిత్యాలలోనో మీకు తెలిసే ఉంటుంది. అక్కడ తుక్కుకింద పడేసిన ఎనామిలు రాగి తీగ ఉంటుంది. అడిగితే కొంత ఇవ్వకపోరు. పెద్ద ఇనుప మేకు మీద కాగితం చుట్టి, దాని మీద ఒక వంద చుట్లు వేయండి. మళ్ళీ కాగితం చుట్టి, రెండో తీగతో మరో వంద చుట్లు వేయండి. కొసల దగ్గర ఎనామిలు గీకేయడం మరిచిపోవద్దు. రెండో చుట్టను బడి ప్రయోగశాలలోని గాల్వనోమీటరుకు కలపండి. మొదటి చుట్టను ఒకే ఒక్క టార్చిలైటు సెల్లుకు తాకించి తీయండి. తాకినప్పుడూ, తీసినప్పుడూ ముల్లు ఎటెటు కొడుతుందో చూడండి. సెల్లును తాకించి ఉంచితే తీగ వేడెక్కుతుంది, సెల్లు అయిపోతుంది. కాబట్టి తాకించడం, తీయడం, అంతవరకే. ఇంటి కరెంటు ప్లగ్గుతో మాత్రం ఈ ఆట వద్దు. అది ప్రాణాలతో ఆట.

ఫోను వీపులో ఏముంది?

తీగ లేకుండా ఛార్జింగు పుచ్చుకొనే ఫోను వీపు వెనక దోమల బత్తి ఆకారంలో పల్చటి తీగచుట్ట ఒకటి ఉంటుంది. వ్యాసం నాలుగైదు సెంటీమీటర్లు. దాని వెనక ఫెర్రైటు అనే నల్లటి అయస్కాంత పదార్థపు రేకు. ఆ రేకు అయస్కాంత క్షేత్రాన్ని ఫోను లోపలి భాగాల మీదికి పోకుండా తనలోకి లాక్కుంటుంది.

ట్రాన్స్‌ఫార్మరులో అయితే బరువైన ఇనుప దిమ్మ ఉంది. క్షేత్రాన్ని పోగుచేసి ఒక చుట్ట నుంచి మరో చుట్టకు భద్రంగా చేరవేస్తుంది. ఫోనులో ఇనుప దిమ్మకు చోటెక్కడిది? ఆ లోటును వేగంతో తీర్చుకొన్నారు. సెకనుకు 50 సార్లు కాక, లక్ష సార్లకు పైగా క్షేత్రాన్ని ఊపుతారు. అంటే మన ఇంటి కరెంటు కన్నా రెండువేల రెట్లకు పైమాటే. ఫారడే చెప్పింది గుర్తుందిగదా, మార్పు ఎంత వేగంగా ఉంటే అంత లాభం. అందుకే పది పన్నెండు చుట్లతోనే పని జరిగిపోతుంది.

కాని ఫోను బ్యాటరీ ఇచ్చేది ఊగని కరెంటు. ఏకముఖ విద్యుత్తు. దాన్ని ఊపేదెవరు? నాలుగు ఎలక్ట్రానిక్ మీటలు. మాగాణిలో నీళ్ళు కట్టే రైతు ఈ మడవ మూసి ఆ మడవ తీసినట్టు, ఇవి జంటలు జంటలుగా తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును ఒకసారి అటునుంచి ఇటు, మరోసారి ఇటునుంచి అటు తీగచుట్టలోకి మళ్ళిస్తాయి. పుచ్చుకొనే ఫోనులో కూడా ఇలాంటి నాలుగు మీటలే ఉన్నాయి. అక్కడ అవి తిరగేసిన పని చేస్తాయి. ఊగుతూ వచ్చే కరెంటును ఒకే దిక్కుకు మళ్ళించి బ్యాటరీకి పంపిస్తాయి.

ఈ విద్యలో నాకు బాగా నచ్చేది ఇక్కడే ఉంది. ఇచ్చే ఫోనులోనూ పుచ్చుకొనే ఫోనులోనూ ఉన్నది ఒకే తీగచుట్ట, ఒకే నాలుగు మీటలు. మీటలు తెరుచుకొనే క్రమం మార్చితే పుచ్చుకొనేది కాస్తా ఇచ్చేది అవుతుంది. బొమ్మకారులోని చిన్న మోటారును చేత్తో తిప్పితే దాని తీగల్లోంచి కరెంటు వస్తుంది చూశారా? మోటారే డైనమో అయింది. ఇదీ అలాంటిదే. అందుకే ఫోను తయారుచేసేవాళ్ళకు ఈ సౌకర్యం కలపడానికి పెద్ద సామాను అవసరం పడలేదు. 2018 అక్టోబరులో హువావే సంస్థ తెచ్చిన మేట్ 20 ప్రో ఇలా ఇచ్చిపుచ్చుకొనే మొదటి ఫోను. 2019 ఫిబ్రవరిలో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10, 2020లో గూగుల్ పిక్సెల్ 5 అదే బాట పట్టాయి. వేర్వేరు కంపెనీల ఫోన్లు ఒకదానికొకటి ఇచ్చుకోగలగడానికి కారణం అవన్నీ ‘చీ’ అనే ఒకే ఒప్పందాన్ని పాటించడం. ప్రాణశక్తి అని అర్థం వచ్చే చైనా మాట అది. 2008లో ఏర్పడిన కంపెనీల సంఘం ఒకటి ఈ ఒప్పందాన్ని రాసింది.

చేద బరువు

తన వీపు మీద ఉన్నది ఫోనో, తాళం చెవో, అయిదు రూపాయల బిళ్ళో ఇచ్చే ఫోనుకు ఎలా తెలుస్తుంది? కళ్ళు లేవు గదా!

చేదబావిలో నీళ్ళు తోడినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. బావిలోకి తొంగి చూడకపోయినా, చేతిలోని తాడు చెబుతుంది చేద నీటికి తగిలిందో, నిండిందో, కొక్కెం ఊడి పడిపోయిందో. కింద బరువు మారితే పైన చేతికి తెలుస్తుంది. రెండు తీగచుట్టల మధ్య ఉన్న అయస్కాంత క్షేత్రం అలాంటి తాడే. పుచ్చుకొనే ఫోను ఎక్కువ కరెంటు లాగితే ఇచ్చే ఫోను చుట్టలో బరువు తెలుస్తుంది. తక్కువ లాగితే తేలికవుతుంది. పుచ్చుకొనే ఫోను ఈ బరువును కావాలనే ఎక్కువ తక్కువలు చేస్తూ, తాడు గుంజి సైగ చేసినట్టు, సమాచారం పంపుతుంది. సెకనుకు 2,000 సైగలు. ‘నేను ఫలానాదాన్ని, నాకు ఇంత కావాలి, ఇంకొంచెం పెంచు, చాలు ఆపు.’ ఈ సైగలు అందకపోతే ఇచ్చే ఫోను గుప్పిట విప్పదు. కొద్దిసేపు చూసి మానుకుంటుంది.

నాణెం పెడితే అది సైగలు చేయలేదు. కాని రెండు ఫోన్ల మధ్య నాణెం ఇరుక్కుందనుకోండి, అప్పుడు ప్రమాదం. ఊగే క్షేత్రం నాణెంలో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. నాణెం కాలిపోయేంత వేడెక్కగలదు. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కేది సరిగ్గా ఇలాగే. ఇచ్చిన శక్తికీ అందిన శక్తికీ తేడా ఎక్కువగా ఉంటే ఫోను అనుమానించి ఆపేస్తుంది. అయినా మీ జాగ్రత్త మీకు ఉండాలి. ఫోను కవరులో బ్యాంకు కార్డులు పెట్టుకొనేవాళ్ళు ముందుగా వాటిని తీసేయాలి. కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్న పెద్దలు ఇంట్లో ఉంటే, ఇలా ఛార్జింగు జరుగుతున్న ఫోన్లను వారి ఛాతీకి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. జేబులో పెట్టుకోనివ్వద్దు.

ఇచ్చేది ఎంత, చేరేది ఎంత?

ఇక లెక్కలోకి దిగుదాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఒక ఫోను బ్యాటరీ మీద 4,000 మిల్లీ ఆంపియర్ గంటలు అని ఉందనుకోండి. అంటే 4 ఆంపియర్ గంటలు. దాని వోల్టేజి 3.85. రెండూ హెచ్చవేస్తే 15.4 వాట్ గంటలు. వాట్ గంట అంటే 3,600 జౌళ్ళు కాబట్టి, మొత్తం సుమారు 55,000 జౌళ్ళు. ఇది తక్కువేమీ కాదు. 50 కిలోల మనిషిని 110 మీటర్ల ఎత్తున్న గుట్ట ఎక్కించడానికి చాలినంత శక్తి. అంతా మీ జేబులో ఉంది.

ఇందులోంచి చేబదులు ఇవ్వాలంటే శక్తి ఎన్ని చేతులు మారాలో చూడండి. మొదట బ్యాటరీ వోల్టేజిని పెంచాలి. తరువాత దాన్ని ఊగే కరెంటుగా మార్చాలి. తీగచుట్ట నుంచి తీగచుట్టకు దాటించాలి. మళ్ళీ ఏకముఖంగా మార్చాలి. చివరికి రెండో బ్యాటరీకి తగిన వోల్టేజికి తెచ్చి ఎక్కించాలి. అయిదు మెట్లు. ఒక్కొక్క మెట్టు మీద నూటికి పది మాత్రమే పోతుందని అనుకుందాం. నూటికి తొంభై నిలుపుకోవడం మంచి పనితనమే. కాని 100 కాస్తా 90 అవుతుంది, ఆ 90లో పదో వంతు పోయి 81, తరువాత 73, 66, చివరికి 59. మొత్తం మీద నూటికి నలభై వంతులకు పైగా దారిలోనే కరిగిపోయింది! ఫోన్లను కాస్త పక్కకు జరిపి పెడితే, మందపాటి కవరు అడ్డం ఉంటే, ఇంకా ఎక్కువ పోతుంది.

మరి ఆ పోయింది ఎక్కడికి పోయింది? వేడిగా మారింది. అందుకే రెండు ఫోన్లూ వెచ్చబడతాయి.

ఇప్పుడు నాయనమ్మ ఫోనుకు నూటికి పది ఎక్కించాలనుకోండి. ఆమెది కూడా అదే రకం ఫోను అయితే 1.54 వాట్ గంటలు చేరాలి. మీ ఫోను నుంచి సుమారు 2.6 వాట్ గంటలు ఖర్చవుతాయి. అంటే ఆమెకు పది ఇవ్వడానికి మీ దగ్గర పదిహేడు పోతాయి. ఇలాంటి ఫోన్లు ఇచ్చేది మామూలుగా అయిదు వాట్ల లోపే. అందులో మూడు వాట్లు ఆమె బ్యాటరీలోకి చేరినా, పది వంతులు ఎక్కడానికి అరగంట పడుతుంది. ఒక ఫోనుతో మరో ఫోనును పూర్తిగా నింపడం మాట మరచిపోండి. 15.4 చేరాలంటే 26 వాట్ గంటలు కావాలి, మీ దగ్గర ఉన్నదే 15.4! అప్పు ఇచ్చి తాను దివాలా తీయకుండా చాలా ఫోన్లలో ఒక కట్టుబాటు ఉంటుంది. బ్యాటరీ ఒక మట్టానికి దిగగానే ఇవ్వడం మానేస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లలో ఆ మట్టం మామూలుగా నూటికి ముప్ఫై.

చెవిలో పెట్టుకొనే చిన్న స్పీకర్ల డబ్బీ అయితే లెక్క వేరు. దాని బ్యాటరీ మొత్తం రెండు వాట్ గంటలు కూడా ఉండదు. కాబట్టి చేబదులు చిన్న వస్తువులకే సుఖం.

మే నెల ఎండలో జగిత్యాలలో 45 డిగ్రీలు తాకినప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. అసలే వేడి, దానికి తోడు దారిలో పోయే శక్తి వేడి. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎంత వేడిలో వాడితే అంత త్వరగా ముసలిదవుతుంది. ఫోను తనంతట తాను ఆపేస్తే విసుక్కోవద్దు, అది తెలివైన పనే చేసింది.

నన్నడిగితే, చేతిలో తీగ ఉంటే తీగనే వాడండి. ఇప్పటి చాలా ఫోన్లకు రెండు కొసలూ ఒకే తీరుగా ఉండే సి రకం తీగ వస్తుంది. దానితో ఒక ఫోనును మరో ఫోనుకు కలిపితే చాలా ఫోన్లు ఇవ్వగలవు. ఊపడం, దాటించడం, మళ్ళీ సరిచేయడం అనే మూడు మెట్లు తప్పిపోతాయి, నష్టం తగ్గుతుంది. తీగ లేకుండా ఇచ్చే సౌకర్యం ఇప్పటికి ఖరీదైన ఫోన్లలోనే ఎక్కువ. వీపు లోహంతో చేసిన ఫోనులో అసలు కుదరదు, ఎందుకో నాణెం కథ చదివిన మీరే చెప్పగలరు. మీ ఇంట్లో ఫోనుకు ఆ శక్తి ఉందో లేదో దాని సెట్టింగులలో బ్యాటరీ పేజీ చూస్తే తెలుస్తుంది.

టెస్లా కల

అంత దగ్గరగా ఆనించడం ఎందుకు, గది అవతల నుంచి ఇవ్వకూడదా అని మీరు అడగవచ్చు. నికొలా టెస్లా కూడా అదే అడిగాడు. 1891లో న్యూయార్కులో చేసిన ఉపన్యాసంలో ఆయన తీగలు కలపని గాజు గొట్టాలను చేత పట్టుకొని వెలిగించి చూపించాడు. ప్రపంచమంతటికీ గాలిలోంచే కరెంటు పంపాలని 1901లో వార్డెన్‌క్లిఫ్ అనే చోట పెద్ద గోపురం కట్టడం మొదలుపెట్టాడు. డబ్బు ఇచ్చేవారు వెనుదీశారు. 1917లో గోపురాన్ని పడగొట్టారు.

డబ్బు ఒక్కటే అడ్డం కాదు. తీగచుట్ట చుట్టూ ఉండే క్షేత్రం దూరం పోయినకొద్దీ చాలా త్వరగా పలచబడుతుంది. చుట్ట వ్యాసమంత దూరం దాటితే ఇక మిగిలేది కొద్దే. 2007లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మారిన్ సొల్యాచిచ్ బృందం రెండు మీటర్ల దూరం నుంచి 60 వాట్ల బల్బును వెలిగించింది. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తే చిన్న తోపుతోనే పెద్దగా ఊగుతుంది గదా, అలా రెండు చుట్టలనూ ఒకే లయకు కట్టారు. దీన్ని అనునాదం అంటారు. అయినా చేరింది నూటికి నలభై వంతులే. పైగా ఆ చుట్టలు ఒక్కొక్కటి ఎడ్లబండి చక్రంలో సగం ఉండేవి! జేబులో పట్టేవి కావు.

మీకు తెలియకుండా ఇచ్చే ఫోన్లు

ఇంత ఖరీదైన ఫోను మనకెందుకులే అనుకుంటున్నారా? ఒక ముచ్చట చెబుతాను. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో రైలు మొదలయింది. స్టేషనులో గేటు ముందు కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆ కార్డులో బ్యాటరీ లేదు. లోపల అంచు చుట్టూ సన్నటి తీగచుట్ట, ఒక చిన్న చిప్పు ఉన్నాయి. గేటులోని చుట్ట సెకనుకు కోటీ ముప్ఫై అయిదు లక్షల సార్లు ఊగుతూ శక్తి పంపుతుంది. ఆ కాస్త శక్తితో చిప్పు మేలుకొని, చేదతాడు సైగలతో తన సంఖ్య చెప్పి, మళ్ళీ నిద్రపోతుంది. కార్డులను చదవగల ఫోన్లు చాలా ఉన్నాయి. అలాంటి ఫోనుకు మీరు ఒక కార్డును ఆనించిన ప్రతిసారీ ఆ ఫోను కార్డుకు రవ్వంత శక్తి చేబదులు ఇస్తున్నట్టే. 2011లో వచ్చిన గెలాక్సీ నోట్ ఫోను కలంలో కూడా బ్యాటరీ లేదు. తెర కింద ఉన్న సన్నటి తీగలే దానికి ఆహారం పెట్టేవి. కాబట్టి 2018 కన్నా ముందే ఫోన్లు ఇవ్వడం నేర్చాయి. గోరంత ఇచ్చేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

(కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్‌లోనూ బ్యాటరీ ఉండదు. అది మాత్రం ఈ కుటుంబం కాదు. టోల్‌గేటు నుంచి వచ్చే రేడియో తరంగాల నుంచి శక్తి తీసుకుంటుంది. అందుకే మీటర్ల దూరం నుంచి కూడా పలుకుతుంది.)

పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్ కార్లలో కొన్నిటికి గేరు కడ్డీ ముందు ఒక పళ్ళెం ఉంటుంది. ఫోను అందులో పెడితే ఛార్జింగు అవుతుంది. అక్కడ వేడిని చల్లార్చడానికి గాలి ఊదే ఏర్పాటు కూడా పెట్టారు. వేడి లెక్క వేసిన మీకు దాని అవసరం ఏమిటో తెలుసు.

ఇదే తీగచుట్టల జంట మనుషుల తలలో కూడా పని చేస్తోంది. పుట్టుకతోనే చెవి లోపల శబ్దాన్ని పట్టే కణాలు పని చేయని పిల్లలు కొందరు ఉంటారు. శబ్దం వినరు, వినరు కాబట్టి మాటలు రావు. వారికి చెవి వెనక చర్మం కింద ఒక పరికరాన్ని శస్త్రచికిత్స చేసి అమరుస్తారు. దాన్ని కాక్లియర్ ఇంప్లాంటు అంటారు. చర్మాన్ని చీల్చుకొని తీగ బయటికి రాకూడదు, వస్తే చీము పడుతుంది. లోపల బ్యాటరీ పెడితే అది అయిపోయినప్పుడల్లా మళ్ళీ కొయ్యాలి. అందుకే లోపల ఒక తీగచుట్ట పెడతారు. బయట జుట్టు మీద బొట్టుబిళ్ళలా అతుక్కొనే మరో తీగచుట్ట ఉంటుంది. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచేది కూడా లోపలి అయస్కాంతమే. చర్మం దాటి శక్తీ వెళ్తుంది, శబ్దానికి సంబంధించిన సంకేతమూ వెళ్తుంది. ఈ శస్త్రచికిత్సకు లక్షల రూపాయలు అవుతాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం దీన్ని బీద ఇళ్ళ పసిపిల్లలకు ఉచితంగా చేయించింది. మీ బడిలోనో మీ వీధిలోనో చెవి వెనక గుండ్రటి బిళ్ళ పెట్టుకొన్న పిల్లవాడు కనిపిస్తే, దాన్ని వేళాకోళానికి లాగవద్దు. అది ఊడిన క్షణంలోనే అతనికి ప్రపంచం మూగబోతుంది. తిరిగి ఆనించగానే, రెండు చుట్టలూ ఎదురెదురు కాగానే, వినిపిస్తుంది.